ఏడ్చిన పిల్లని ఎవరు దిగబెడతారు

మొదటిసారి విన్నప్పుడు ఆ గొంతు నాకు నచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మెత్తటి మగ గొంతు. తొందర లేదు, కసురు లేదు. మా చర్చి అయ్యగారు ప్రసంగం ముగించేముందు గొంతు తగ్గించి మాట్లాడతారే, అలా ఉంది. మా వెనకగదిలో, నా మనవరాలి ఫోన్‌లోంచి వస్తోంది. “చెప్పమ్మా, నిదానంగా చెప్పు. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు,” అంటున్నాడు. ఎవరో ఆడపిల్ల ఏడుస్తోంది. నేను పట్టకారు పక్కన పెట్టి, “ప్రభువా, స్తోత్రం,” అనుకున్నాను.

మాది బందరు. గిల్టు నగల పని ఇక్కడ ఇంటింటికీ ఉంటుంది. షాపువాళ్ళు సన్నటి రింగులు ఇస్తారు, మేం ఇళ్ళలో కూర్చుని ఒకదాన్లో ఒకటి వేసి గొలుసులు అల్లి ఇస్తాం. నేను చదివింది మూడో తరగతి. అచ్చక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, బైబిలు చదివీ చదివీ రాయడం కూడా పట్టుబడింది. ఇది రాస్తున్నది కోపం చల్లారక.

మనవరాలు నా కూతురి కూతురు. తల్లీ తండ్రీ అవనిగడ్డలో ఉంటారు. డిగ్రీ అయ్యాక బందరులోనే బట్టల షాపులో బిల్లింగు ఉద్యోగం దొరికితే నా దగ్గర ఉంది. మొన్న ఎండాకాలం నుంచి పిల్ల మారిపోయింది. ముందు తిండి తగ్గింది. తర్వాత తల దువ్వుకోవడం మానేసింది. తర్వాత షాపుకి వెళ్ళడం మానేసి గదిలో గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయి పెడితే మారుమాట లేకుండా తినేసింది. ఉప్పు లేదన్న సంగతే తనకి తెలియలేదు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

చూడవచ్చిన ప్రతి మనిషీ ఒకటే ప్రశ్న. ఎందుకు? ఎవరినైనా ప్రేమించిందా? షాపులో ఎవరైనా ఏమైనా అన్నారా? చర్చిలో ఒకావిడ నా చెవి దగ్గరకొచ్చి, “ఏదో పట్టింది వదినా, ఉపవాసం ఉండండి,” అంది. నా కూతురు ఫోన్‌లో, “ఎందుకే అలా ఉంటావ్, నీకేం తక్కువ చేశాం?” అని ఏడ్చేది. పిల్ల దగ్గర జవాబు ఉంటేగా.

అలాంటి పిల్ల రోజూ మధ్యాహ్నం ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. దాని ఇయర్‌ఫోన్లు చెడిపోయాయి. కొత్తవి కొనిపెట్టమంటే నేను కొననన్నాను. “చెవిలో వైర్లు లేకుండా మేం వినలేదా?” అన్నాను. అందుకని సౌండు తగ్గించి పెట్టుకుని వింటోంది. మా ఇంటి గోడ చెక్క గోడ. ఎంత తగ్గించినా నా చెవిన పడుతూనే ఉంటుంది. నా పిసినారితనాన్ని చుట్టాలందరూ ఎత్తిపొడుస్తారు. దానివల్లే ఇదంతా నా చెవిన పడింది. వాళ్ళ నోళ్ళు మూయించడానికి ఇంతకంటే నాకేం కావాలి?

నేను విన్నది ఇదీ: ఒకరి తర్వాత ఒకరు తమ కష్టం చెప్పుకుంటారు. ఏడుస్తారు. మిగతావాళ్ళు, “నాకూ అంతే,” “నీతో మేమున్నాం,” అంటారు. ఆ మెత్తటి గొంతువాణ్ణి అందరూ అన్నయ్యా అని పిలుస్తారు. మా శుక్రవారం కూడికలో ఆడవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పేది అచ్చం ఇలాగే. ఫోన్లలో ప్రార్థన గ్రూపులు ఉంటాయని నాకు తెలుసు, మా చర్చికీ ఒకటుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. సంతోషించాను కూడా. పక్కింటావిడతో, “మా పిల్ల ఫోన్‌లో కూడికలో కూర్చుంటోంది,” అని గొప్పగా చెప్పాను. ఒకరోజు పిల్ల ఫోన్ పక్కన పడేసి పడుకుంటే, “ఇవాళ నీ గ్రూపు లేదా? మానొద్దమ్మా, వెళ్ళు,” అన్నాను నేనే. అది నా వంక వింతగా చూసింది.

మా పుట్టింటి పల్లె హంసలదీవి దారిలో ఉంది. ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. బతికినవాళ్ళు కొన్నాళ్ళకి మళ్ళీ కూడిక పెట్టుకున్నారు. పాట ఎత్తగానే ఎవరో ఒకరు ఏడ్చి పడిపోయేవాళ్ళు. అప్పుడు మా పెద్దావిడలు ఒక పద్ధతి పెట్టారు. కూడికలో ఏడ్చిన మనిషి ఒంటరిగా ఇంటికి వెళ్ళకూడదు. ఒక ఆడమనిషి వెంట వెళ్ళి, అక్కడే ఇంత వండి, ఆ మనిషి తినేదాకా కూర్చుని, ఆ రాత్రికి వాళ్ళ గుమ్మానికి అడ్డంగా పడుకుని పొద్దున రావాలి. దాన్ని దిగబెట్టడం అనేవాళ్ళం. ఎవరి వంతు అని అడిగేవాళ్ళు కాదు. ఎవరు దగ్గర కూర్చుంటే వాళ్ళు లేచేవాళ్ళు. మా అమ్మ ఎన్నిసార్లు వెళ్ళిందో. నాకు అది ఎంత అలవాటంటే, ఫోన్‌లో ఏడుస్తున్న పిల్లల్ని కూడా ఎవరో దిగబెడుతూనే ఉంటారని నమ్మేశాను.

ఒక ఆదివారం చర్చిలో కరెంటు పోయి, ఆరాధన తొందరగా ముగిసింది. ఇంటికొచ్చేసరికి వెనకగదిలో ఆ గొంతు.

“చూడమ్మా, డేట్ అనుకున్నావు కదా, ఇక ఇంట్లో ఎవరికీ చెప్పకు. చెప్తే ఆపుతారు. అది ప్రేమ కాదు, వాళ్ళ స్వార్థం. నీకు విశ్రాంతి కావాలి. అది నీ హక్కు.”

ఒక పిల్ల ఎక్కిళ్ళు. తర్వాత నా మనవరాలి గొంతు: “భయపడకు. నీ తర్వాత నేనేగా.”

కాళ్ళు చల్లబడిపోయాయంటారు చూడండి, నాకు అలా ఏమీ కాలేదు. తల నుంచి కాళ్ళదాకా మంట ఎక్కింది. తలుపు తోసుకుని వెళ్ళి ఫోన్ లాక్కున్నాను.

“అమ్మమ్మా! ఇచ్చెయ్!”

“కూర్చో.” ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను. “ఒరేయ్, ఎవడ్రా నువ్వు?”

ఆ మెత్తటి గొంతు, “ఎవరండీ మాట్లాడేది? ఇది ప్రైవేట్ రూమ్ అండీ,” అంది.

“రూమా? గోడల్లేవు, తలుపుల్లేవు, తాగడానికి మంచినీళ్ళు లేవు. ఇది రూమా? ఈ పిల్ల ఏడుస్తోంది. నువ్వెక్కడున్నావు? దీన్ని ఇంటికి దిగబెట్టేదెవరు మీలో? అన్నం తిందో లేదో చూసి వచ్చేదెవరు?”

ఎవడో కుర్రాడు నవ్వాడు. “ఆంటీ, కూల్.”

“ఆంటీ ఎవరికిరా? అమ్మమ్మని. నువ్వు తిన్నావా పొద్దున?”

వాడి నవ్వు ఆగిపోయింది. తినలేదనుకుంటాను.

“అమ్మా,” అన్నాడు అన్నయ్యగారు, ఇంకా మెత్తగా. “మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఆమె నిర్ణయాన్ని మీరు గౌరవించాలి.”

“నిర్ణయమా? అన్నం సయించదు, నిద్ర పట్టదు, కూరలో ఉప్పుందో లేదో తెలియదు. ఇలాంటి పిల్ల చేసేది నిర్ణయమా? జ్వరంలో పలవరిస్తున్నవాడు ఇల్లు రాసిస్తానంటే రిజిస్ట్రారు కూడా ఒప్పుకోడు. నువ్వేమో సంతకం పెట్టు పెట్టు అని కలం అందిస్తున్నావు!”

అప్పుడు సన్నగా ఒక ఆడగొంతు, ఆ ఏడ్చిన పిల్లదే. “అమ్మమ్మగారూ, మీరు పెట్టేయకండి.”

నేను నోరు తెరిచేలోపు ఫోన్ మూగబోయింది. మమ్మల్ని బయటికి తోసేశాడు.

నా మనవరాలు లేచి నిలబడింది. ఎన్నో వారాల తర్వాత దాని మొహంలో రక్తం కనిపించింది, కోపంతో.

“నువ్వు నా పరువు తీసేశావు! నాకున్నది ఆ ఒక్క చోటు!”

“చావమని చెప్పే చోటా?”

“వాళ్ళు ఒక్కరోజు కూడా నన్ను ఎందుకని అడగలేదు తెలుసా? మీరందరూ ఎందుకు, ఎందుకు, ఎందుకు! నాకు తెలిస్తే చెప్పనా?”

“ఎందుకని అడగలేదు. ఎప్పుడని అడిగారుగా,” అన్నాను.

అది కూలబడింది. నేనూ మంచం మీద కూర్చున్నాను. మా ఇంట్లో ఆ మాట పైకి అనే అలవాటు లేదు. అంటే ఎక్కడ నిజమవుతుందోనని భయం. అయినా అడిగాను. “నువ్వూ చనిపోవాలనుకున్నావా?”

“అనుకున్నాను.”

“ఇప్పుడు కూడా ఉందా ఆ ఆలోచన?”

“వస్తుంది. పోతుంది. మళ్ళీ వస్తుంది.” తర్వాత మెల్లగా, “అందరూ వాడిలాంటివాళ్ళు కారు అమ్మమ్మా. చాలామంది నాలాంటివాళ్ళే. ఎవరికీ చెప్పుకోలేక వచ్చినవాళ్ళే,” అంది.

నేను తిట్టలేదు. ఏడవలేదు. ఆ పూటే ఇల్లంతా వెతికి, ఇంట్లో ఉండకూడనివన్నీ పక్కింటావిడ బీరువాలో పెట్టి తాళం వేయించాను. ఎందుకని ఆవిడ అడిగింది. “అడగకు, తాళం వెయ్యి,” అన్నాను. ఆ రోజు నుంచి మా వెనకగది గుమ్మానికి అడ్డంగా నా చాప.

మర్నాడు మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వయసులో ఉన్న అమ్మాయి, తొందరపడకుండా మాట్లాడింది. ఇది జబ్బు, మందులుంటాయి, పనిచేయడానికి కొంత సమయం పడుతుంది, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి అంది. ఎందుకు వచ్చిందని నేనూ అడగబోయి ఆగాను. చక్కెర జబ్బు వచ్చినప్పుడు నన్నెవరూ ఎందుకొచ్చిందని నిలదీయలేదు కదా.

నా కూతురికి చెబితే ఫోన్‌లో గగ్గోలు. “పిచ్చి డాక్టరు దగ్గరికా? ఎవరికైనా తెలిస్తే పిల్లకి సంబంధాలు వస్తాయా అమ్మా?”

“పిల్ల ఉంటేనే కదే సంబంధం,” అన్నాను. సాయంత్రానికల్లా కూతురు అవనిగడ్డ బస్సు దిగి వచ్చింది. వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల వెనకాల తనూ పడుకుంది. దానికి అంత తెలివి ఉందని నేను అనుకోలేదు.

పోలీసు స్టేషనుకి కూడా వెళ్ళాను. డ్యూటీలో ఉన్నాయన కుర్చీ వేసి, “మామ్మగారూ, ఆ గ్రూపులో ఎవరికీ అసలు పేర్లు ఉండవు. ఎవరి మీద రాయమంటారు?” అన్నాడు. “గొంతు మీద రాయండి,” అన్నాను. పాపం, ఏదో రాసుకున్నాడు.

మందులు పడ్డాక పిల్లకి కాస్త నిద్ర పడుతోంది. కానీ అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఒకరోజు పళ్ళెం జరిపేసి, “అది ఒక్కతే అయిపోయింది అమ్మమ్మా,” అంది. ఏడ్చిన పిల్ల సంగతి. వాళ్ళది గుడివాడట. గ్రూపులో కాకుండా విడిగా వీళ్ళిద్దరూ రాసుకుంటారు. నా మనవరాలిని గ్రూపులోంచి తీసేశాక ఆ పిల్ల మాటలు తగ్గిపోయాయి. నిన్నటి నుంచి, “అన్నయ్య చెప్పింది నిజమేమో,” అని రాస్తోంది.

“నేను ‘నీ తర్వాత నేనేగా’ అన్నాను. నన్ను నువ్వు లాగేశావు. దాన్ని ఎవరు లాగుతారు?”

కూతురు నా వంక చూసింది. నేను లేచి క్యారియరు కడిగాను. ఎవరు దగ్గర కూర్చుంటే వాళ్ళే లేవాలి కదా. ఫోన్‌లో దగ్గర కూర్చోవడం కూడా దగ్గర కూర్చోవడమేనని అప్పుడే ఒప్పుకున్నాను.

“గుడివాడ బస్‌స్టాండులో కలుస్తానని రాయి. మనం చేరేదాకా దాంతో మాట్లాడుతూనే ఉండు.”

పిల్ల రాసింది. వెంటనే జవాబు: ఆ అరిచిన అమ్మమ్మగారు కూడా వస్తున్నారా?

కూతుర్ని ఇంట్లో ఉంచి మేమిద్దరం బస్సెక్కాం. పెడన దాటేదాకా నా మనవరాలు ఫోన్ మీంచి తల ఎత్తలేదు. బస్సులో పాట పెద్దగా పెట్టారు. నేను కండక్టరుని కేకేసి ఆపించాను. ఎందుకో తెలియదు, ఆ రోజు నాకు ఎవరి పాటా గిట్టలేదు.

గుడివాడ బస్‌స్టాండులో చివరి బెంచీ మీద కూర్చుని ఉంది. సన్నటి పిల్ల. కాలేజీ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేసింది.

“మీరేనా అండీ అరిచింది?”

“నేనే. నువ్వేనా ఏడ్చింది?”

తల ఊపింది. పెదవి కాస్త వంగింది, నవ్వు అనడానికి చాలదు. నేను క్యారియరు విప్పాను. పెరుగన్నం, మాగాయ. హోటల్లో డబ్బులు తగలేయడం నా వల్ల కాదు.

“ఆకలి లేదండి.”

“ఆకలి సంగతి నేనడిగానా? చెయ్యి కడుక్కో.”

ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఒకరు ఆగితే ఇంకొకరు ఆగడం, ఒకరు ముద్ద పెట్టుకుంటే ఇంకొకరు పెట్టుకోవడం. నేను చూడనట్టు బస్సుల బోర్డులు చదువుతూ కూర్చున్నాను.

“నువ్వు వెళ్ళిపోయాక అన్నయ్య చాలా చెప్పాడు,” అంది గుడివాడ పిల్ల. “నువ్వు పిరికిదానివట.”

“మరి ఆయన డేట్ ఎప్పుడు?” అంది నా మనవరాలు.

ఆ పిల్ల ముద్ద చేతిలోనే ఆగింది. “ఎవరమూ అడగలేదే.”

“నేనూ అడగలేదు. నేను చేరినప్పటినుంచి ఉన్నాడు. నాకంటే ముందువాళ్ళు కూడా ఆయన ఎప్పుడూ ఉన్నాడనే చెప్పేవాళ్ళు. అందరినీ వాకిలిదాకా సాగనంపుతాడు. తను మాత్రం లోపలే కూర్చుంటాడు.”

ఆ పిల్ల ముద్ద గిన్నెలో పెట్టేసింది. “అయితే ఆయన...”

“వాడూ బతకాలి,” అన్నాను నేను. “బతికి నా చేత తిట్లు తినాలి. నువ్వు ముద్ద దించుకో.”

తర్వాత లేచి, “పద, ఇంటికి దిగబెడతాం,” అన్నాను. ఆ పిల్ల బ్యాగు ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఇంట్లో చెప్పకండి అమ్మమ్మగారూ. నాన్న చంపేస్తాడు.”

“ఆ గ్రూపువాడు కూడా చెప్పొద్దనే చెప్పాడు కదా. వాడు చెప్పిన పని చేద్దామా?”

వాళ్ళ నాన్న మోటార్లు రిపేరు చేస్తాడు. ఇంటి ముందే షాపు. చేతికి గ్రీజుతో లేచి, “మీరెవరండీ?” అన్నాడు. మెల్లగా చెబుదామనే అనుకున్నాను. నాకు చేతకాదు.

“మీ అమ్మాయికి చనిపోవాలనే ఆలోచన వస్తోంది. మా అమ్మాయికీ వచ్చింది. అరవకండి. రేపే డాక్టరుకి చూపించండి.”

“మా అమ్మాయికేం ఖర్మండీ? ఏం తక్కువ చేశాం? ఏమ్మా, ఎవడైనా వెంటపడ్డాడా? ఎందుకే?”

“అదిగో, మొదలుపెట్టారు! ఆ ఒక్క మాట మింగండి. పిల్ల దగ్గర జవాబు లేదు. లేని జవాబు అడిగి అడిగి, అడగని ముండాకొడుకు దగ్గరికి మనమే పంపించాం.”

“మా ఇంటి సంగతి మాకు చెప్పడానికి మీరెవరు?” అని ఆయన గొంతు పెంచాడు. నేనూ పెంచాను. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. అప్పుడు లోపల్నించి తల్లి వచ్చింది. పమిట కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ కూతురి పక్కన నిలబడింది. “నాకు తెలుస్తూనే ఉందండీ,” అంది. “తల దువ్వనివ్వట్లేదు. అడగాలంటే భయమేసింది. అడిగితే అవునంటుందేమోనని.”

ఆయన కూతురి వంక చూశాడు. పిల్ల అవునని తల ఊపింది. ఆ మనిషి గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఆయన మీద నా కోపం అక్కడితో సరి.

“బియ్యం పడేయండమ్మా,” అన్నాను తల్లితో. “మేమూ తింటాం. ఈ రాత్రికి ఇక్కడే ఉంటాం.”

“చుట్టాలకి చెప్పినట్టు చెప్తున్నారే,” అన్నాడాయన, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

“ఇవాళ్టికి చుట్టాలమే.”

ఆ గ్రూపు ఇంకో పేరుతో నడుస్తోందట. పోలీసాయన దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. మా చర్చిలో ఆవిడ ఇంకా ఉపవాసమే అంటోంది. నా మనవరాలికి మంచిరోజులూ ఉన్నాయి, చెడ్డరోజులూ ఉన్నాయి. చెడ్డరోజున, “అమ్మమ్మా, వచ్చింది,” అని చెప్పి నా పక్కన కూర్చుని రింగులు అల్లుతుంది. ఆ ఆలోచన పోయేదాకా అల్లుతుంది. గుడివాడ పిల్లా డాక్టరు దగ్గరికి వెళ్తోంది. నా కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. ఏడ్చే పిల్లల్ని పోగేసి, ఒక్కరినీ ఇంటికి దిగబెట్టకుండా, ఆ మెత్తటి గొంతు ఎక్కడో ఇప్పుడు కూడా మాట్లాడుతూ ఉంటుంది.

ఆ రోజు గుడివాడలో అందరం చాపల మీద వరసగా పడుకున్నాం. పిల్లలిద్దరూ మధ్యలో, తల్లి అటు పక్కన. నేను మా పల్లె పద్ధతిలో గుమ్మానికి అడ్డంగా. తెల్లారుతుండగా ఎవరో నా భుజం తట్టారు. గుడివాడ పిల్ల.

“అమ్మమ్మగారూ, కొంచెం జరుగుతారా? బాత్రూంకి వెళ్ళాలి.”

“వెళ్ళు. వచ్చాక చెప్పు.”

దాటి వెళ్ళింది. నేను లేచి కూర్చుని, దొడ్లో బాత్రూం తలుపు వంకే చూస్తూ, లోపల్నించి నీళ్ళ చప్పుడు వింటూ ఉన్నాను. చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. తడికాళ్ళతో నడిచొచ్చి నా ముందు నిలబడింది.

“వచ్చానండీ.”

“వచ్చావుగా, పడుకో,” అని జరిగి దారిచ్చాను. లోపలికి వెళ్ళాక మళ్ళీ అడ్డంగా పడుకున్నాను.